మీకు తెలుసా? పావగడలో ఎండే పంట!

కరవు సీమగా పేరుపడ్డ పావగడలో ఇప్పుడు దేశంలోని అతి పెద్ద సౌర విద్యుత్ పార్కుల్లో ఒకటి ఉంది. దానికోసం రైతులెవరూ పొలం అమ్ముకోవాల్సిన పని పడలేదు. ఆ కథ మనమూ తెలుసుకోవాలి.

1. పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, దాని చుట్టూ దాదాపుగా ఉన్నది ఆంధ్రప్రదేశే. చాలా ఇళ్లలో మాట్లాడేదీ తెలుగే. తిరుమణి, బాలసముద్రం, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పొలాల్లో పార్కు వెలిసింది.

2. పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు, విస్తీర్ణం సుమారు 13,000 ఎకరాలు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి పూర్తిస్థాయికి చేరింది. రోడ్లు, సబ్‌స్టేషన్లు, లైన్లు కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వేసింది. కంపెనీలు వచ్చి ప్యానెళ్లు బిగించుకున్నాయి.

3. ఈ భూమిని కొనలేదు, 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. దాదాపు 2,300 మంది రైతులు ఇలా భూములిచ్చారు.

4. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. రెండేళ్లకోసారి 5 శాతం పెంచాలన్నది ఒప్పందం. అంటే ఐదెకరాల రైతుకు మొదటి ఏడాది 1,05,000 రూపాయలు. రెండేళ్లు తిరిగేసరికి ఎకరా కౌలు 22,050 అవుతుంది. వర్షాధార వేరుశనగకు ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే పెట్టుబడి కూడా చేతికి రాదు. అలాంటి నేల మీద ఏటా ఖాయంగా వచ్చే డబ్బు ఎంత ధైర్యమో మెట్ట రైతుకే తెలుసు.

5. ప్యానెల్ మీద దుమ్ము పేరుకున్నా, గడ్డి పెరిగి నీడ పడినా కరెంటు తగ్గిపోతుంది. అందుకే ప్యానెళ్లు తుడవడం, గడ్డి కోయడం, కాపలా కాయడం ఎప్పుడూ ఉండే పనులే. స్థానికులకు దొరికే ఉపాధి ఎక్కువగా ఇదే.

6. కౌలు డబ్బు పట్టా ఉన్నవారికే అందుతుంది. ఆ పొలాల్లో కలుపు తీసి, కాయలు కోసి బతికిన కూలీలకు పాత పని పోయింది. గొర్రెల కాపరులకు మేత బీళ్లు తగ్గాయి. పావగడ నేర్పే పాఠంలో ఇదీ భాగమే. కొత్తగా పార్కు పెట్టే ప్రతిచోటా భూమిలేని వారికి పనిలో మొదటి హక్కు ఉండాలి, అది ఒప్పంద పత్రంలోనే రాయాలి.

7. ఇంత పెద్ద పార్కు రాకపోయినా రైతుకు దారి ఉంది. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద బీడు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సౌర ప్లాంటు పెట్టవచ్చు. దగ్గర్లో, వీలైతే ఐదు కిలోమీటర్ల లోపు, సబ్‌స్టేషన్ ఉండాలి. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. ఒక్కరికి అంత భూమి లేకపోతే రైతులు సంఘంగా ఏర్పడి పెట్టుకోవచ్చు, లేదా భూమిని కౌలుకు ఇవ్వవచ్చు. తయారైన కరెంటును విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కొంటుంది.