ఎడారిలో కనిపించే ‘ధబ్’ మన ఉడుము కాదు

ఈ ఎపిసోడ్ వినే టైం దొరకని వాళ్ల కోసం ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

వఫ్రా, అబ్దలీ మజ్రాల్లోనో, ఎడారిలో గొర్రెలు, ఒంటెల దగ్గరో పనిచేసే మనవాళ్లు చాలామంది దీన్ని చూసే ఉంటారు. లావుపాటి ఒళ్లు, ముళ్లు ముళ్లుగా తోక. చూడగానే ‘ఉడుము’ అనేస్తాం. కువైట్ వాళ్లు దీన్ని ధబ్ అంటారు. రెండూ వేరు.

ఉడుముది పాములా చీలిన నాలుక, నున్నటి పొడవాటి తోక. గుడ్లు, ఎలుకలు, పురుగులు తింటుంది. ధబ్ ఎక్కువగా ఆకులు, పూలు, గింజలే తింటుంది. దాని జోలికి పోతే తప్ప మన మీదికి రాదు. బెదిరితే బొరియలో దూరి, ఒళ్లు ఉబ్బించి, తోకతో కొడుతుంది. ముడులు ముడులుగా ఉండే ఆ తోక మీద అరబ్బుల్లో సామెత కూడా ఉంది. చిక్కు వీడని సమస్యని ‘ధబ్ తోక కంటే చిక్కుముడి’ అంటారు.

50 డిగ్రీల ఎండలో ఇది ఎలా బతుకుతుంది? పొద్దున్నే ఒళ్లు నల్లగా ఉంటుంది కాబట్టి వేడిని తొందరగా పట్టుకుంటుంది. ఎండ ముదిరాక రంగు తేలి పసుపుగా మారుతుంది. మరీ వేడెక్కితే బొరియలోకి పోతుంది. నీళ్లు దాదాపు తాగదు, తినే ఆకుల్లోని తేమే చాలు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ముక్కులోంచి బయటికి పంపేస్తుంది. ముక్కు చుట్టూ కనిపించే తెల్లటి పొర అదే.

ఇంత గట్టి ప్రాణికి కూడా మనిషితోనే ముప్పు. కొందరు మాంసం కోసం పడతారు. దాని కొవ్వుతో తీసిన తైలం నొప్పులకీ, మగతనానికీ పనిచేస్తుందని ఇంకొందరు నమ్మిస్తారు. అది డాక్టర్లు రాసే మందు కాదు. ధబ్ నిదానంగా పెరుగుతుంది, గుడ్లు పెట్టే వయసు రావడానికే ఏళ్లు పడుతుంది. పట్టినంత తొందరగా అవి మళ్లీ పుట్టవు.

ఇప్పుడు అసలు మాట. కువైట్‌లో 2014 నాటి 42వ నంబరు పర్యావరణ చట్టం ప్రకారం అడవి జంతువుల్ని వేటాడటం, పట్టడం, చంపడం నేరం. జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. ‘అందరూ పడుతున్నారు కదా’ అని మనమూ చెయ్యి వేస్తే, కేసు పడిన రోజు కఫీల్ వచ్చి విడిపిస్తాడన్న గ్యారంటీ లేదు.

ఊరికి వెళ్లేటప్పుడు కూడా బతికిన ధబ్ గానీ, ఎండబెట్టిన తోక గానీ, తైలం గానీ సామానులో పెట్టుకోవద్దు. ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం ప్రకారం ఆంక్షలున్నాయి, అనుమతి పత్రాలు లేకుండా తీసుకెళ్లకూడదు. మన ఊళ్లో ఉడుముకి కూడా 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

కనిపిస్తే దూరం నుంచి ఫోటో తీసుకోండి, పిల్లలకి వాట్సాప్‌లో పంపండి. దాన్ని మాత్రం దాని బొరియలోకి పోనివ్వండి.