జొన్న పేలాలు పటపట, జనం బిలబిల

"తాతయ్యా, స్టాలు దొరికింది గానీ లోపలి వరసలో చిట్టచివర ఇచ్చారు. అద్దెకే డబ్బంతా అయిపోయింది. పక్కవాళ్లు గోడంత టీవీ పెడుతున్నారట. నా దగ్గరికి ఎవరొస్తారు?" అని మా మనవరాలు ఫోన్లో ఒకటే గోల. చిరుధాన్యాల పిండీ, రవ్వా, అటుకులూ చేసి అమ్ముతుంది. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకి అమ్మింది. ఇప్పుడు మొదటిసారి హైదరాబాదులో వ్యాపార ప్రదర్శనకి పోతోంది.

టీవీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక లెక్క చెయ్యవే అన్నాను. మనిషి ఎంత తీరిగ్గా నడిచినా సెకనుకి ఇంచుమించు మీటరు నడుస్తాడు. నీ స్టాలు వెడల్పు మూడు మీటర్లు. అంటే నీకు దొరికేది మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో మీ కంపెనీ పేరూ, దాని కింద నినాదమూ, పద్నాలుగు రకాల పిండ్ల జాబితా, ధరలూ అన్నీ చదువుతాడా? నువ్వయితే చదువుతావా?

చదవడు. అసలు నీ వైపు తల కూడా తిప్పడు. అందులో అతని తప్పేం లేదు, కంటి నిర్మాణమే అలాంటిది. చెయ్యి బారుగా చాచి బొటనవేలు చూసుకో. ఆ వేలి వెడల్పంత మేరే మనకి తేటగా కనబడేది. కొలిస్తే రెండు డిగ్రీలు. మిగతాదంతా మసకే. ఆ సంగతి మనకి తెలియదు, ఎందుకంటే కన్ను సెకనుకి మూడుసార్లు అటూ ఇటూ గెంతుతూ ముక్కలు ముక్కలుగా చూస్తుంది, మెదడు వాటిని అతికి పెడుతుంది. నడవలో పోయేవాడి చూపు ఎదురుగా ఉంటుంది. నీ స్టాలు అతని కంటి కొసకి తగులుతుంది. ఆ కొసకి అక్షరాలు రావు, రంగులూ అంతంతమాత్రమే. ఒక్క విద్య మాత్రం బాగా వచ్చు. ఏదైనా కదిలితే ఇట్టే పసిగడుతుంది.

నమ్మకపోతే ఇప్పుడే చేసి చూడు. గోడమీద క్యాలెండర్లో ఒక తేదీ మీద చూపు నిలుపు, పక్కకి తిప్పకూడదు. నీ చెవి వెనకనుంచి ఒక రంగు పెన్సిలు మెల్లిగా ముందుకు తెమ్మని తమ్ముడికి చెప్పు. వాడు దాన్ని ఆడిస్తూ తెస్తే ఏదో వస్తోందని ముందే తెలిసిపోతుంది. అది ఎరుపో పచ్చో చెప్పాలంటే మాత్రం ఇంకా చాలా ముందుకు రావాలి.

అందుకని నీ స్టాల్లో ఏం పెట్టావన్నది కాదు, ఏం జరుగుతోందన్నది ముఖ్యం. పెట్టినవి ప్రతి స్టాల్లోనూ ఉంటాయి. జరిగేది ఎక్కడో ఒకచోటే ఉంటుంది.

"మరి టీవీలో కూడా బొమ్మలు కదులుతాయిగా?" అంది. కదులుతాయి. కానీ ఆ రెండు నిమిషాల వీడియోనే పొద్దస్తమానం తిరిగి తిరిగి వస్తుంటే, ఫ్యాను మోత కాసేపటికి చెవికి వినబడనట్టే, అదీ కనబడటం మానేస్తుంది. మారనిదాన్ని మెదడు పట్టించుకోదు. ఎప్పుడు ఏమవుతుందో తెలియనిదానికే చెవి నిక్కబొడుచుకుంటుంది.

అలాంటిది నీ సంచిలోనే ఉంది. జొన్నలు!

తొలి ఏకాదశికి పేలాల పిండి తిన్నావు కదా. మీ అమ్మమ్మ ముందురోజే జొన్నల మీద కాసిని నీళ్లు చిలకరించి మూటగట్టేది. మర్నాడు మట్టి మంగలంలో వేయించేది. మొదట ఒకటి టప్పుమనేది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత పటపటా పటపటా. పిల్లలందరూ పొయ్యి చుట్టూ మూగేవాళ్లు. ఆవిడ ఎవరినీ పిలవలేదు. వేడికి గింజలు ఎగిరి మొహాన పడతాయి, పొండర్రా అని తరిమినా ఎవరూ కదిలేవాళ్లు కాదు.

ఎండినట్టు కనబడే గింజలో కూడా మామూలుగా నూటికి పన్నెండు పదమూడు పాళ్లు నీరుంటుంది. వేడికి అది ఆవిరవుతుంది. పైతోలు గట్టిది కాబట్టి ఆవిరికి బయటికి దారుండదు. లోపల పిండిపదార్థం మెత్తబడి ముద్దవుతుంది, ఒత్తిడి పెరుగుతూ పోతుంది. మొక్కజొన్న మీద కొలిచి చూస్తే దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర తోలు ఇక ఆగలేక పగిలింది. జొన్నదీ ఇదే తంతు. తోలు పగలగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ఆవిరి వ్యాకోచించి, మెత్తటి పిండిని నురగలా ఉబ్బించేస్తుంది. ఆ నురగ ఆ క్షణంలోనే చల్లబడి బిగుసుకుంటుంది. మనం తినే తెల్లటి పేలం అదే. ముందురోజు నీళ్లు చల్లడం ఆ తేమ సరిపోవడానికి. మరీ ఎక్కువ చల్లితే గింజ ఉడుకుతుంది, పేలదు. తోలు చిట్లిన గింజా పేలదు, ఆవిరి కారిపోతుంది. అన్ని జొన్నలూ పేలవు కూడా. లోపల గట్టిగా, గాజులా ఉండే గింజే పేలాలకి మేలు. పిండి బారినట్టు మెత్తగా ఉండేది పనికిరాదు. కాబట్టి బస్తా మోసుకుపోయే ముందు ఇంట్లో గుప్పెడు వేసి చూసుకో.

దీంట్లో ఉన్న సుఖం చూడు. గాజుమూత ఉన్న గిన్నెలో వేయిస్తే లోపల గింజలు ఎగరడం కంటి కొసకి తగులుతుంది. టపటపలు చెవికి తగులుతాయి, పైగా ఏ గింజ ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. వాసన ముక్కుకి తగులుతుంది. చూపుగానీ వినికిడిగానీ మెదడులో థాలమస్ అనే కేంద్రం మీదుగా పైకి పోతాయి. వాసన ఆ మజిలీలో ఆగకుండా తిన్నగా జ్ఞాపకాలూ ఉద్వేగాలూ ఉండే భాగాల్లోకి పోతుంది. పైగా చూపు మలుపు తిరగలేదు, వాసన తిరుగుతుంది. నీది చిట్టచివరి స్టాలయినా రెండు వరసల అవతలివాడికి నువ్వున్నావని ముందే తెలుస్తుంది. ఏసీ గాలి ఎటు వీస్తోందో అగరువత్తి పొగతో కాదు గానీ (వెలిగించనివ్వరు), సన్నటి దారప్పోగు వేలాడదీసి చూసుకుని పొయ్యిని ఆ వైపు పెట్టు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పొద్దున్నే బుట్టెడు వేయించేసి, పళ్లేల్లో సర్ది, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటారు. అంటే జరిగేదాన్ని మళ్లీ పెట్టినదిగా మార్చేశారన్నమాట! ఒక్కసారికి గుప్పెడే వెయ్యి. అయిపోతే మళ్లీ గుప్పెడు. "రెండు నిమిషాలాగండి, వేడివేడిగా ఇస్తాను" అను. ఆ రెండు నిమిషాలూ నలుగురు నిలబడతారే, వాళ్లే నీ అసలైన బోర్డు.

ఎందుకంటే మనిషి చూపుని లాగేది మనిషి చూపే. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ న్యూయార్క్ వీధిలో చేసిన ప్రయోగం ఒకటి 1969లో అచ్చయింది. కాలిబాట మీద ఒకణ్ణి నిలబెట్టి ఎదురు భవనంలో ఆరో అంతస్తు కిటికీకేసి నిమిషంపాటు చూస్తూ ఉండమన్నారు. అక్కడ ఏమీ లేదు. పక్కనుంచి పోయేవాళ్లలో నూటికి నలుగురు ఆగారు. ఒకడికి బదులు పదిహేనుమందిని నిలబెడితే నూటికి నలభైమంది ఆగారు. ఆగకపోయినా తలెత్తి చూసినవాళ్లని కలుపుకుంటే ఎనభై దాటింది. ఖాళీ కిటికీకే అంత గిరాకీ ఉంటే, నీ గిన్నెలో నిజంగానే జొన్నలు గెంతుతున్నాయాయె.

అన్నట్టు, స్టాలు ముందు అడ్డంగా బల్ల వేసి దాని వెనక కాపలా కూర్చోకు. బల్ల పక్కకి జరిపి జనం లోపలికి రాగలిగేట్టు చెయ్యి. "రండి మేడమ్, రండి సార్" అని మీదపడకు, నాకయితే ఆ పిలుపు వినగానే కాళ్లు వాటంతటవే వేగం పెంచుతాయి. బోర్డు ఒక్కటే పెట్టు, దాని మీద నాలుగు మాటలు మించకూడదు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరమని ఒక మోటు లెక్క ఉంది. అది ఇంగ్లీషు అక్షరాలకి. మనకి గుడులూ ఒత్తులూ ఉన్నాయి కాబట్టి రెట్టింపు వేసుకో.

పేలాలు దేంట్లో ఇస్తావు? పాత పేపరు పొట్లాలు వద్దు, ఆ సిరా తిండికి అంటుతుంది. చిన్న ఆకుదొప్పలు చవగ్గా దొరుకుతాయి. దొప్పకి నీ స్టాలు నంబరు చీటీ ఒకటి అంటించు. తింటూ హాలంతా తిరుగుతారు, ఎదురైనవాళ్లు "ఎక్కడిదండీ ఇది?" అని అడుగుతారు.

ఈ ఉపాయం నాది కాదు, నూట ముప్పై ఏళ్ల కిందటిది. 1893లో షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. హెన్రీ హైన్జ్ అనే ఊరగాయల వ్యాపారికి వ్యవసాయ భవనంలో పై అంతస్తులో చోటు దొరికింది. కింద దేశదేశాల తినుబండారాలన్నీ తిరిగేసరికి జనానికి కాళ్లు పీకేవి, మెట్లెక్కే ఓపిక ఉండేది కాదు. అచ్చం నీ గతే. ఆయన చిన్న చిన్న చీటీలు అచ్చు వేయించి ప్రదర్శన మైదానంలో పంచిపెట్టించాడు. ఈ చీటీ తెచ్చి చూపిస్తే ఊరికే ఒక కానుక ఇస్తాం అని దానిమీద రాశాడు. కానుకంటే ఏమిటనుకున్నావు? అంగుళంపావు పొడవున్న ఆకుపచ్చ దోసకాయ బొమ్మ, గొలుసుకి తగిలించుకునేది. దానిమీద కంపెనీ పేరు. జనం ఎగబడ్డారు. ఆ బరువుకి పై అంతస్తు నేలకి అదనంగా ఊతం కట్టాల్సొచ్చింది. దోసకాయ బొమ్మని తగిలించుకున్న ప్రతివాడూ ఆ తర్వాత ఊరంతా ఆయన ప్రచారమే చేశాడు.

నీకు బొమ్మ అక్కర్లేదు. దొప్ప చాలు.

పొయ్యి సంగతి మాత్రం జాగ్రత్త. హాల్లో మంట వెలిగించనివ్వరు, వెలిగించకూడదు కూడా. 1938 నుంచి నడుస్తున్న మన నాంపల్లి నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి నిప్పంటుకుని ఎన్ని స్టాళ్లు బూడిదయ్యాయో నీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఇండక్షన్ పొయ్యి తీసుకో. అమ్మమ్మ మంగలం దాని మీద పనిచెయ్యదు సుమా! మట్టిలో కరెంటు పారదు. ఆ పొయ్యిలో తీగచుట్ట ఒకటుంటుంది, దాని అయస్కాంత క్షేత్రం సెకనుకి వేలసార్లు దిశ మారుస్తూ గిన్నె అడుగులో సుడి విద్యుత్తు పుట్టిస్తుంది. వేడెక్కేది గిన్నె, పొయ్యి కాదు. అడుగుకి అయస్కాంతం అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుందన్నమాట. పొయ్యి 2000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 5 ఆంపియర్ల ప్లగ్గు 1150 వాట్లకి మించి ఆగదు. నిర్వాహకులకి ముందే ఉత్తరం రాసి 15 ఆంపియర్ల ప్లగ్గు అడుగు, వండటానికి అనుమతి కూడా అందులోనే రాయించుకో.

బల్ల మీద మాత్రం పద్నాలుగు రకాలూ పరవకు. అమెరికాలో ఒక కొట్లో జామ్ రుచి చూపిస్తూ చేసిన పరీక్ష 2000లో అచ్చయింది. ఇరవైనాలుగు రకాలు పెట్టినప్పుడు ఎక్కువమంది ఆగారు గానీ ఆగినవాళ్లలో కొన్నది నూటికి ముగ్గురు. ఆరు రకాలే పెట్టినప్పుడు ముప్పైమంది. తర్వాతి పరిశోధనల్లో ప్రతిచోటా ఇంత తేడా రాలేదు. అయినా నాకు ఆ ఆరే ఇష్టం, నీకు సర్దే పని కూడా తగ్గుతుంది.

చివరగా ఒక సీసా. నిండా జొన్నలు పోసి, "ఎన్ని గింజలో చెప్పండి" అని రాసిపెట్టు. ఇంగ్లండులో ప్లిమత్ ఊరి పశువుల ప్రదర్శనలో 1906లో ఇలాగే ఒక ఎద్దుని చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చెప్పమన్నారు. ఒక్కో చీటీ ఆరు పెన్నీలు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త తర్వాత ఆ చీట్లు అడిగి తెచ్చుకుని, చదవడానికి వీలైన 787 చీట్లనీ వరసగా పేర్చాడు. సరిగ్గా మధ్యలో పడ్డ అంకె 1207 పౌన్లు. అసలు బరువు 1198. విడివిడిగా చూస్తే జనం తలా ఒకలా చెప్పారు, అందరినీ కలిపి చూస్తే దాదాపు గురి తగిలింది. నీ చీట్లని కూడా అలా పేర్చి, ఆ మధ్య అంకెని రోజూ సాయంత్రం బోర్డు మీద రాయి. నిన్న ఊహించినవాడు ఇవాళ చూసుకోవడానికి మళ్లీ వస్తాడు.

గింజలన్నీ లెక్కపెట్టాలా అని భయపడకు. వెయ్యి గింజలు లెక్కపెట్టి తూచు, సీసాలో మొత్తం జొన్నలు తూచు, భాగించు. వెయ్యి గింజలు 30 గ్రాములు తూగాయనుకో, కిలోకి 33 వేల పైచిలుకు. బహుమతికి రెండు కిలోల రవ్వ సరిపోతుంది. చీటీ మీద పేరూ ఫోను నంబరూ ఎలాగూ అడుగుతావు. కింద ఇంకో గీత గీసి, "మీ ఇంట్లో జొన్నలతో ఏం చేసుకుంటారు?" అని కూడా అడుగు. వచ్చే ఏడాది ఏం అమ్మాలో ఆ చీట్లలోనే ఉంటుంది.