ముందు చెక్క కదలకూడదు

పాతకాలపు వడ్రంగి నేల మీద కూచుని పని చేసేవాడు. వేపచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, చెక్కను ఒక మడమ కింద అదిమిపెట్టి, రెండో కాలి వేళ్ళతో చివర పట్టుకుని ఉలి దించేవాడు. చూసేవాళ్ళ కళ్ళు చేతుల మీదే ఉండేవి. సగం పని పాదాలు చేసేవి. మన మోకాళ్ళకు ఆ అలవాటు పోయింది, పాదాలకు ఎప్పుడూ లేదు. అందుకే ఇంట్లో సరదాకి వడ్రంగం మొదలుపెట్టేవాళ్ళు అన్నిటికన్నా ముందు అమర్చుకోవలసింది ఆ పాదాల పని చేసిపెట్టే బల్ల.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ముందు డ్రిల్లు కొన్నాను, తర్వాత జిగ్‌సా, ఆపైన చవగ్గా వస్తున్నాయని పన్నెండు ఉలుల పెట్టె. చెక్కను మాత్రం ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి మోకాలితో నొక్కేవాణ్ణి. ఓరోజు కుర్చీ జారింది. ఉలి వెళ్ళి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. తర్వాత ఆలోచిస్తే తప్పు కుర్చీది ఒక్కదానిదే కాదు, ఉలి కూడా మొద్దుబారి ఉంది. పదును లేని ఉలిని బలంగా తోయాలి. బలంగా తోసింది జారితే ఆగదు.

సరే, బల్ల సంగతి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి తీసుకోండి. షాపులోనే అయిదడుగుల దగ్గర అడ్డంగా కోయించి, ఆ ముక్కను మళ్ళీ నిలువునా రెండు చేయించండి. అయిదు బై రెండు అడుగుల పలకలు రెండొస్తాయి. వాటి మధ్య ఫెవికాల్ రాసి, కింది నుంచి మరమేకులు బిగిస్తే 36 మిల్లీమీటర్ల మందాన బల్ల పైభాగం తయారు. మిగిలిన మూడడుగుల ముక్క కింద అరకి సరిపోతుంది. కాళ్ళకి కొత్త టేకు అక్కర్లేదు. పాత ఇళ్ళు కూల్చిన కలప అమ్మే చోట ద్వారబంధాలు దొరుకుతాయి. దశాబ్దాలుగా ఆరిన కర్ర, ఇక వంకర పోవడమన్నది పెద్దగా ఉండదు. కోసేముందు అయస్కాంతంతో ఒకసారి తడిమి చూడండి. లోపల విరిగిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయి.

ఎత్తు ఎంతుండాలి? నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికొస్తుందో అక్కడికి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 32 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. వంటింటి గట్టు కన్నా కాస్త తక్కువ. చిత్రిక పట్టేటప్పుడు చేతుల బలం చాలదు, ఒళ్ళు బరువు పైనుంచి పడాలి. బల్ల ఎత్తయితే ఆ బరువు పడదు, భుజాలు నొప్పెడతాయి. ఇక బల్ల ఊగడం గురించి. కాళ్ళు ఎంత లావున్నా, నేలకు జానెడు ఎత్తున నాలుగు వైపులా అడ్డకర్రలు లేకపోతే ఊగుతుంది. కాలికి బెజ్జం కొట్టి, అడ్డకర్ర చివర దానిలో దూరేలా చెక్కితే మేలు. అది చేతకాకపోతే లావుపాటి బోల్టులు వేసినా తప్పులేదు. కింద అరలో రెండు ఇసుక బస్తాలు పెట్టండి, బల్ల గోడలా నిలబడుతుంది.

ఇప్పుడు పాదాలు. బల్ల ముందు అంచుకి, కుడిచేతివాళ్ళయితే ఎడమ మూలన, ఏడంగుళాల వడ్రంగి వైస్ ఒకటి బిగించండి. దాని ఇనప దవడలకి లోపలివైపు చెక్క పలకలు తొడగాలి, లేకపోతే ప్రతి ముక్క మీదా మచ్చలు పడతాయి. రెండోది అంతకన్నా చవక: బల్ల మీద అడ్డంగా బిగించిన సన్నటి చెక్కపట్టీ. చిత్రిక పట్టే పలకను దానికి ఆనించి తోస్తే చాలు, జారదు. మూడోది, జానెడున్నర పలకకి కింద ఒక చివర ఒక పట్టీ, పైన రెండో చివర ఇంకో పట్టీ. కింది పట్టీ బల్ల అంచుకి ఆనుతుంది, కోసే ముక్క పై పట్టీకి ఆనుతుంది. ఖర్చు సున్నా. నేను దీన్ని వాడినంతగా వైస్‌ని కూడా వాడను.

పనిముట్ల దగ్గర జాబితాలు పెంచుకోవద్దు. ఉక్కు స్కేలు, మూలమట్టం, రంపం, 6, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు మూడు, ఒక చిత్రిక (మేస్త్రీలు రందా అంటారు), కొయ్య సుత్తి, క్లాంపులు నాలుగు. మూలమట్టాన్ని కొనేటప్పుడే పరీక్ష చెయ్యండి. తిన్నని అంచున్న పలకకి ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే చోటి నుంచి మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరైనది. పైకి పోయేకొద్దీ విడిపోతున్నాయంటే, ఆ ఎడంలో సగం దాని తప్పు. షాపువాడు విసుక్కున్నా సరే, అక్కడే చూసుకోవాలి.

కొత్త ఉలికి పదును ఉందని అనుకోవద్దు. చాలావాటికి ఉండదు. సానరాయి ఖరీదనిపిస్తే గ్రానైట్ షాపుకి వెళ్ళండి. గట్టు కోసం కోసినప్పుడు మిగిలిన తునకలు గోడవార పడేసి ఉంటాయి. చీమకుర్తి నల్లరాయి తునక ఒకటి అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తారు. పాలిష్ చేసిన ఆ ముఖం మన పనికి చాలినంత చదునుగా ఉంటుంది. దాని మీద నీళ్ళు చల్లి, తడిలో వాడే ఎమరీ కాగితం పరవాలి. 400తో మొదలుపెట్టి, 1000, ఆపైన 2000. ముందు ఉలి వీపు, అంటే చదునైన వైపు, అంచు దగ్గర అంగుళం మేర అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఈ ఒక్కసారికి అరగంట పడుతుంది, మళ్ళీ ఇంత అవసరం రాదు. తర్వాత ఏటవాలు వైపు. ఆ వాలు పొడవు ఉలి రేకు మందానికి రెండింతలుంటే కోణం 30 డిగ్రీలు, మామూలు పనికి అది చాలు. వీపు వైపు వేలితో తడిమితే అంచు పొడవునా గరుగ్గా, సన్నటి పొర తగిలిందంటే లోహం అవతలికి వంగిందన్నమాట. ఉలి తిప్పి, వీపు చదునుగా ఆనించి రెండుసార్లు రుద్దితే ఆ పొర రాలిపోతుంది. న్యూస్‌పేపరు అంచు చేత్తో పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా తెగిందా, అయిపోయింది.

పని కాగానే తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క పూయాలి. మచిలీపట్నం, కాకినాడ గాలికి రెండ్రోజుల్లో తుప్పు పట్టేస్తుంది. దసరాకి ఆయుధపూజ చేసి, తడి పసుపూ కుంకుమా అలాగే ఉంచేస్తే అమ్మవారు కూడా కాపాడలేరు. సాయంత్రానికే తుడిచెయ్యండి.

కలప విషయంలో ఒక్క సంగతి పట్టుబడితే సగం పొరపాట్లు తప్పుతాయి. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుంటుంది, కానీ ఇదంతా వెడల్పులోనే. పొడవులో దాదాపు ఏమీ ఉండదు. ముసురు పట్టినప్పుడు తలుపు రెక్క బిగుసుకుపోవడం చూశాంగా. అందుకే అడితి నుంచి తెచ్చిన చెక్కను వెంటనే కోయకుండా, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి కొన్ని వారాలు మీ గదిలోనే ఉంచండి. నేలకి ఆనించొద్దు, చెదలు ఊరుకోవు. చెయ్యి తిరగడానికి మామిడి చెక్క మంచిది. టేకు అందమైనదే, కానీ దానిలో సహజంగా ఉండే సిలికా ఉలుల పదును తినేస్తుంది. తుమ్మ జోలికి మొదటి ఏడాది పోకండి.

మెషిన్ల దాకా రావడానికి ఇంత సేపెందుకంటే, అవి చివర రావలసినవే. 1400 వాట్ల రంపాన్ని 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టొద్దు, 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1380 వాట్లే. ఇళ్ళ పనుల్లో మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు తగిలించి, ఒంటిచేత్తో పలకలు కోసేస్తుంటారు. నాకు గుండె జారిపోతుంది. రాతి కోసం చేసిన ఆ మెషిను నిమిషానికి 12 వేల చుట్ల దాకా తిరుగుతుంది. చెక్కలో బ్లేడు ఇరుక్కుంటే వెనక్కి ఎగిరి మనిషి మీదికే వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. దుమ్ముని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఎమరీ పట్టేటప్పుడు లేచే కంటికి కనపడని పొడితోనే ఎక్కువ ముప్పు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్‌95 మాస్కు కావాలి. ఇక మెషిన్ల మోత: అపార్ట్‌మెంట్‌లో ఉంటే పక్కింటివాళ్ళ మధ్యాహ్నం నిద్ర సంగతి మీకే తెలుసు.

చివరిగా పూత. బల్లకి వార్నిష్ వద్దు, నున్నబడితే ముక్కలు జారతాయి. మరగబెట్టిన అవిసె నూనె గుడ్డతో రుద్ది, మిగిలింది తుడిచేస్తే చాలు. ఆ గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముడుచుకున్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. మా ఇంట్లో ఆ గుడ్డ దండెం మీద, మిగతా బట్టలకి దూరంగా, విప్పి ఆరేసి ఉంటుంది.