గోస్తనీ తీరమున ఒక్కనాటి విహారములు

సెలవులలో విశాఖపట్టణమునకు బంధువులు వచ్చినప్పుడు మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న "ఎక్కడికి పోవుదము?" అనునదియే. రెండు దినములు ఊరి సముద్రపుటొడ్డున తిరిగి, మూడవనాడు ఎండకు జడిసి యింట కూర్చుండువారు పెక్కురు. ఉదయమున బయలుదేరి రాత్రి భోజనమునకు తిరిగి రాదగిన స్థలములు మన నగరమునకు చుట్టును అనేకములు కలవు. వాని నన్నిటిని వరుసగా పేర్కొనినచో చదువరులకు విసుగు పుట్టును. కావున మేము ఒక్క నదిని మాత్రము పట్టుకొని, అది సముద్రమున గలియు చోటునుండి పుట్టిన కొండలవరకు మూడు విహారములను ఇందు వివరింపదలచితిమి. ఆ నది గోస్తని.

గోస్తని అనంతగిరి కొండలలో బుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి, భీమునిపట్టణము కడ బంగాళాఖాతమున గలియుచున్నది. గోదావరిని చూచినవారు దీనిని ఏరనియే అందురు. అయినను మన నగరవాసులు త్రాగు నీటిలో కొంతభాగము దీనినుండియే వచ్చుచున్నది. తాను త్రాగు నీరు ఎచ్చటిదో యెరుగుట విద్యలో నొక భాగమని మా యభిప్రాయము.

మొదటి విహారము భీమునిపట్టణమునకు. ఇది నగరమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. త్రోవ చాలవరకు సముద్రము ప్రక్కనే సాగును. దారిలో ఎర్రమట్టి దిబ్బలను తప్పక చూడవలెను. పూర్వము సముద్రము వెనుకకు తగ్గియున్న కాలములలో గాలి యిసుకను ఎగురగొట్టి యిచ్చట కుప్పలుగా పోసినది. ఆ యిసుకలోని యినుము తుప్పుపట్టుటచే రేణువులన్నియు ఎరుపెక్కినవి. పిదప వానలు వానిని కోసి లోతైన గండ్లు చేసినవి. ఈ దిబ్బల అంచులు మిక్కిలి బలహీనములు. వానిపై పరుగెత్తుట మనకును అపాయము, దిబ్బలకును నష్టము.

భీమునిపట్టణమున పదునేడవ శతాబ్దమున డచ్చివారు, అనగా మన పెద్దలు వలందావారనిన హాలెండు వర్తకులు, స్థావర మేర్పరచుకొనిరి. 1824 నాటి సంధిననుసరించి 1825లో ఈ పట్టణము ఆంగ్లేయుల వశమైనది. సముద్రమునకు సమీపముననున్న వారి శ్మశానవాటికలో గోపురములవలె కట్టిన సమాధులు నేటికిని నిలిచియున్నవి. స్వదేశమునకు వేల మైళ్ల దూరమున కన్నుమూసినవారి పేర్లను చదువునప్పుడు, చరిత్ర పాఠములోని వర్తకులు మనవంటి మనుష్యులే యని బోధపడును.

నదీముఖమున ఒక హెచ్చరిక. ఇచ్చట ఏటినీరును అలల నీరును కలియుటచే ప్రవాహములు క్షణక్షణము మారును. చూపునకు ప్రశాంతముగానున్న చోటనే లోనికి లాగు ప్రవాహ ముండవచ్చును. ఈత వచ్చినవారును దిగరాదు. మన తీరమున మరెచ్చటనైన అట్టి ప్రవాహమున జిక్కినవారు ఒడ్డువైపు ఎదురీది అలసిపోక, తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, లాగుడు తగ్గినపిమ్మట ఒడ్డునకు మరలవలెను. గట్టుననున్నవారు తాము దుముకక, తాడునో తేలు వస్తువునో విసరి, జాలరులను కేకవేయవలెను.

రెండవ విహారము తాటిపూడి జలాశయమునకు. నగరమునుండి సుమారు 60 కిలోమీటర్లు. 1960వ దశకమున గోస్తనికి అడ్డముగా కట్టిన యీ ఆనకట్ట విజయనగరము జిల్లాలోని పొలములకు సాగునీటిని, మన నగరమునకు త్రాగునీటిని ఇచ్చుచున్నది. కొండల నడుమ నిలిచిన యీ నీటిని ఒకమారు చూచిన బాలుడు యింటిలో కొళాయిని కారుచుండగా విడిచిపోవుటకు సంకోచించును. భోజనము వెంట తీసికొనిపోవుడు. కాని విస్తరాకులను, సంచులను అచ్చట పారవేయకుడు. అవి చేరునది మన బిందెలోని నీటినే.

మూడవ విహారము బొర్రా గుహలకు. నగరమునకు సుమారు 90 కిలోమీటర్లు. ఉదయపు రైలులో పోవుట ఉత్తమము. బైలడిల్లా కొండలలోని యినుపరాతిని మన రేవునకు తెచ్చుటకై 1960వ దశకమున నిర్మించిన యీ మార్గమున 50కి పైగా సొరంగములు కలవు. తిరుగు రైలు వేళను ముందుగా విచారించుకొని, కుదరనిచో బస్సులో మరలవలెను.

ఈ గుహలను చేసినది నీరే. వానచినుకు గాలిలోనుండియు, అంతకంటె అధికముగ నేలలో కుళ్లిన ఆకులనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోనికి దిగి రాతిని కరగించును. ఏరును ఆ పనికి తోడగును. ఇట్లు గుహ యేర్పడినది. పైకప్పునుండి చుక్క వ్రేలాడునప్పుడు ఆ వాయువు తప్పించుకొనిపోగా, కరగిన సున్నములో లేశము అచ్చటనే అంటుకొనును. అట్లు పేరుకొని పైనుండి శిలలు పొదుగు చన్నులవలె వ్రేలాడును. గోస్తని యను పేరునకు ఆవు చన్ను అనియే గదా అర్థము! మేయుచున్న ఆవు పైరంధ్రమున జారిపడగా, వెదకవచ్చిన కాపరి యీ గుహను కనుగొనెనని స్థానికులు చెప్పుదురు.

కొన్ని యేండ్ల క్రిందట మేము విద్యార్థులను అచ్చటికి కొనిపోతిమి. తిరుగు ప్రయాణమున ఒక బాలుడు జేబునుండి చిటికెనవ్రేలంత తెల్లని రాతిని దీసి చూపెను. అల్లరికి కాదు, అమ్మకు చూపుటకై విరిచితినని చెప్పెను. మేము కోపగింపక ఒక లెక్క యిచ్చితిమి. ఇట్టి శిలలు సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే పెరుగునని శాస్త్రజ్ఞులు కొలిచియున్నారు. అట్లయిన ఈ ఆరు సెంటీమీటర్ల రాతికి ఎన్నియేండ్లు పట్టెను? బాలుడు కాగితముపై గుణించి, "600 సంవత్సరములండీ" యని తలవంచుకొనెను. అనగా కృష్ణదేవరాయలు పుట్టకముందే దాని మొదటి చుక్క పడినది. విరుచుటకు పట్టినది ఒక్క క్షణము. ఆ రాయి నేటికిని మా విజ్ఞానశాస్త్రపు గదిలోనున్నది. దాని ప్రక్కనున్న చీటిలోని లెక్క ఆ బాలుడు స్వహస్తముతో వ్రాసినదే. ఏటేట క్రొత్తగా చేరిన పిల్లలకు దానిని చూపుచున్నాము. చూపగలముగాని తిరిగి అతికింపలేము.

ఇక ప్రయాణపు సంగతులు. కార్తికమునుండి మాఘమువరకు ఈ విహారములకు అనువైన కాలము. తెల్లవారుజామున బయలుదేరుడు. తలకు గుడ్డయో టోపీయో, మనిషికి రెండు సీసాల నీరు, గుహలలో జారని చెప్పులు ఉండవలెను. పిల్లలను జట్లుగా విభజించి, జట్టునకొక పెద్దను నియమించి, బండి యెక్కినప్పుడెల్ల లెక్కింపవలెను.

మూడు విహారములును ఒకే సెలవులో ముగింప నవసరము లేదు. ఏడాదికి ఒక్కటి చాలును. కాని పోయివచ్చిన రాత్రి, నిద్రకు ముందు ఒక గ్లాసెడు నీరు త్రాగునప్పుడు, అది వచ్చిన త్రోవను పిల్లలచేత చెప్పించుడు. చెప్పగలిగిరేని మీ ప్రయాణపు ఖర్చు వృథాకాలేదని తెలిసికొనుడు.