నొప్పి అంటే వినిపించుకోని పళ్ల డాక్టరు

పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలిన మనిషికి తన నోట్లో ఏం జరుగుతోందో కనిపించదు. కళ్లలో లైటు పడుతుంటుంది. లాలాజలాన్ని లాగే గొట్టం ఒక పక్క, దూది ఇంకో పక్క, మధ్యలో డాక్టరు వేళ్లు. నొప్పి పుడితే మాట రాదు, మూలుగు మాత్రం వస్తుంది. అప్పుడు ‘మత్తు ఇచ్చాం కదా, ఇంకా నొప్పేంటి?’, ‘చిన్నపిల్లలు కూడా ఇంత గొడవ చేయరు’ వంటి మాటలు పడితే నొప్పికి అవమానం తోడవుతుంది. పని అరగంటలో ముగిసినా ఆ భయం ఏళ్ల తరబడి వదలదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. మత్తు పట్టిందో లేదో డాక్టరుకు తెలిసేది ముఖ్యంగా రోగి చెబితేనే. ఆ మాటను కొట్టిపారేస్తే వైద్యమే దెబ్బతింటుంది.

మత్తు ఎందుకు పట్టదు?

పళ్ల వైద్యంలో విరివిగా వాడే మత్తుమందు లిగ్నోకైన్. దీనికే లిడోకైన్ అని మరో పేరు. స్వీడన్ శాస్త్రవేత్త నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన ఈ మందు 1948లో మార్కెట్లోకి వచ్చింది. నరం పొరలో సోడియం అయాన్లు వెళ్లే దారులను ఇది మూసేస్తుంది. దాంతో నొప్పి కబురు మెదడుకు చేరదు. అయితే మందు నరం లోపలికి వెళ్లాలంటే అందులో కొంత భాగం విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి. వాపు, చీము ఉన్న చోట ఆమ్లగుణం పెరుగుతుంది, ఆ రూపంలో ఉండే మందు తగ్గిపోతుంది. అంటే పన్ను తీవ్రంగా సలుపుతున్న రోజునే మత్తు సరిగ్గా పట్టకపోయే అవకాశం ఎక్కువ.

కింది దవడ పళ్లతో ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఎముక మందం కాబట్టి దంతం పక్కన ఇచ్చిన మందు లోపలికి అంతగా ఇంకదు. అందుకే నరం దవడ ఎముకలోకి దూరే చోట, నోటి వెనక భాగాన ఇంజక్షన్ ఇస్తారు. ఆ చోటు అందరికీ ఒకేలా ఉండదు. పైగా కింది పెదవి పూర్తిగా మొద్దుబారినా పంటి లోపలి గుజ్జుకు మత్తు పట్టకపోవచ్చు. ‘పెదవి తిమ్మిరెక్కిందా?’ అని అడిగి, అవునన్న వెంటనే డ్రిల్ పెట్టేస్తే రోగి కుర్చీలోంచి ఎగిరిపడేది ఇందువల్లనే.

జాగ్రత్త గల డాక్టరు దూది ఉండ మీద చల్లదనం పుట్టించే స్ప్రే కొట్టి పంటికి ఆనిస్తారు. జివ్వుమంటే మత్తు చాలలేదని అర్థం. అప్పుడు మరికాసేపు ఆగుతారు. ఇంకో చోట ఇంజక్షన్ ఇస్తారు, లేదా పంటికీ ఎముకకూ మధ్య సందులో సన్నటి సూదితో మందు ఎక్కిస్తారు. ఆర్టికైన్ అనే వేరే మందూ ఉంది. దేనికీ లొంగకపోతే తాత్కాలికంగా మందు పెట్టి పంపి, వాపు తగ్గాక పిలుస్తారు. మార్గాలు ఇన్ని ఉండగా ‘కాస్త ఓర్చుకోండి’ అనడం వైద్యం అనిపించుకోదు.

ముందే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మత్తు ఇంజక్షన్లలో తరచుగా ఎడ్రినలిన్ కలిసి ఉంటుంది. దానివల్ల కాసేపు గుండె దడదడలాడవచ్చు. అలాగే పన్ను పీకేటప్పుడు మత్తు బాగా పట్టినా ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది. ఈ రెండు ముక్కలు చెప్పకపోతే రోగి ప్రాణం మీదికి వచ్చిందనుకుని హడలిపోతారు. ఆందోళన పెరిగేకొద్దీ నొప్పి కూడా ఎక్కువగా తెలుస్తుంది.

భయం అనే ఉచ్చు

ఒకసారి ఇలా దెబ్బతిన్నవారు మళ్లీ ఆస్పత్రి గడప తొక్కరు. నొప్పి మాత్రలతో, లవంగం నూనెతో నెట్టుకొస్తారు. చిన్న పిప్పి గుజ్జు దాకా పాకుతుంది. సిమెంటుతో పూడిస్తే సరిపోయే పంటికి రూట్ కెనాల్, క్యాప్ దాకా వస్తుంది, లేదా పన్నే పోతుంది. ఇంత పాడుచేసుకున్నానే అన్న సిగ్గుతో ఇంకా వెనకాడతారు. చివరికి తట్టుకోలేని నొప్పితో, వాచిన చిగుళ్లతో వెళతారు, అంటే మత్తు సరిగ్గా పట్టని స్థితిలో వెళతారు. పాత అనుభవమే మళ్లీ ఎదురవుతుంది.

ఈ భయాన్ని కొలిచే ప్రశ్నావళులు ఉన్నాయి. నార్మన్ కోరా 1969లో ఒకటి రూపొందించారు. దాన్ని సవరించి 1995లో తెచ్చిన దానిలో ఐదు ప్రశ్నలుంటాయి: రేపు చికిత్స ఉందంటే ఎలా ఉంటుంది, వేచి ఉండే గదిలో, డ్రిల్ వాడబోతున్నప్పుడు, పళ్లు శుభ్రం చేసేటప్పుడు, చిగురుకు ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు ఎలా ఉంటుంది. మొత్తం 25కి 19, ఆపైన వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు లెక్క. ఐదు నిమిషాల్లో నింపగల ఈ కాగితం కుర్చీ ఎక్కబోయే మనిషి గురించి డాక్టరుకు చాలా చెబుతుంది.

భయపడేవారికి పనికొచ్చే పద్ధతులు ఖరీదైనవి కావు. పిల్లల దంతవైద్యంలో స్థిరపడిన పద్ధతి ఒకటుంది: చేయబోయేది చెప్పాలి, పరికరం చూపించాలి, ఆ తర్వాతే చేయాలి. పెద్దలకూ ఇది పనిచేస్తుంది. రెండోది ఎడమచెయ్యి ఎత్తితే ఆపాలన్న ఒప్పందం. ఎత్తిన ప్రతిసారీ డాక్టరు నిజంగా ఆపితేనే దానికి విలువ. ఆపుతారన్న నమ్మకం కుదిరితే చాలామందికి ఆందోళన తగ్గుతుంది.

రోగి చేతిలో ఉన్నది

పాత చేదు అనుభవం ఉంటే కుర్చీ ఎక్కకముందే, నోరు ఖాళీగా ఉన్నప్పుడే చెప్పాలి. గతంలో మత్తు పట్టకపోయినా, వాడే మందులున్నా, గుండె జబ్బున్నా దాచకూడదు. ఉదయం పూట, తోడుగా ఒకరితో వెళ్లడం మేలు. వినిపించుకోరని తేలితే ఆ రోజుకు ఆపించి ఇంకొకరి దగ్గరకు వెళ్లే హక్కు ఉంది. కానీ సగం చేసిన రూట్ కెనాల్‌ను అలాగే వదిలేయకూడదు. ఎక్స్‌రే, చీటీ, బిల్లు తీసుకుని త్వరగా పూర్తిచేయించుకోవాలి.

చట్టం కూడా రోగి మాటకు విలువిచ్చింది. సమీరా కోహ్లీ అనే రోగి కేసులో 2008లో సుప్రీంకోర్టు, తగిన వివరాలు తెలిపి అనుమతి తీసుకోవాలని, ఒక చికిత్సకు ఇచ్చిన అనుమతి మరో చికిత్సకు చెల్లదని చెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995లోనే తీర్పిచ్చింది. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ప్రవర్తన మీద ఫిర్యాదును రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. కటువుగా మాట్లాడినంత మాత్రాన పరిహారం రాకపోవచ్చు. నొప్పి అని చెప్పినా ఆపకుండా చేసినందువల్ల నష్టం జరిగితే మాత్రం ఆ రోజు తేదీ, చేసిన పని, జరిగిన సంభాషణ రాసిపెట్టుకోవడం తర్వాత అక్కరకొస్తుంది.