గులకరాళ్ల కింద అమానత్

చేప హలాల్ అని మన ఇళ్లలో పసిపిల్లలకు సైతం తెలుసు. దాన్ని జబహ్ చేయనవసరం లేదన్న సంగతీ తెలుసు. కాని ఏ వేళలో చేపను పట్టకుండా ఆగాలో చెప్పమంటే పెద్దలమైన మనమే తడబడతాం. ఆ పాఠం నాకు ఒక వృద్ధుని వద్ద లభించింది. ఆయన ఏ మదర్సాలోనూ కూర్చుని చదివినవారు కారు. కాశ్మీరులో లిద్దర్ నది ఒడ్డున, ట్రౌట్ చేపల కోసం వచ్చే వేటగాళ్లకు దారి చూపుతూ నలభై ఏళ్లు గడిపిన మనిషి.

విద్యార్థి దశలో ఉత్తరాదిలోని ఒక దారుల్ ఉలూమ్‌లో ఆయన కుమారుడు నా సహపాఠి. ఒకే చాపపై కూర్చుని హదీసు పాఠాలు విన్నాం. “మా నదిని ఒకసారి చూడాలి మీరు” అని ఏళ్ల తరబడి పిలుస్తూ వచ్చారు. ఒక ఏడాది మదర్సా సెలవులు కలిసిరావడంతో ఫిబ్రవరి చివరి వారంలో బయలుదేరాను.

కాశ్మీరీలు చలికాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల తీవ్రమైన చలి చిల్లయ్ కలాన్. తరువాతి 20 రోజులు చిల్లయ్ ఖుర్ద్. చివరి 10 రోజులు చిల్లయ్ బచ్చా, అంటే పిల్ల చలి. నేను చేరేనాటికి పిల్ల చలి నడుస్తోంది. దక్షిణాది వాణ్ణయిన నాకు అదే పెద్ద చలి. ఫెరన్ తొడిగించి, లోపల నిప్పుల కాంగ్రీ పెట్టి, నూన్ చాయ్ తాగించి నన్ను మనిషిని చేశారు.

లిద్దర్ నది కొలహోయ్ హిమానీనదం వైపు నుంచీ, శేషనాగ్ సరస్సు వైపు నుంచీ రెండు పాయలుగా దిగి, పహల్గామ్ వద్ద కలిసి, ఆ తరువాత జీలం నదిలో చేరుతుంది. వేసవిలో మంచు కరిగి ఉరకలు వేసే ఆ నది, చలికాలం చివర సన్నబడి అద్దంలా ఉంటుంది. అడుగున ఉన్న ప్రతి గులకరాయీ కనిపిస్తుంది. ఒడ్డున ఒక్క వేటగాడూ కనిపించడు. ట్రౌట్ వేటకు అనుమతి పత్రాలు సాధారణంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకే ఇస్తారు. మిగతా కాలమంతా నది మూసి ఉన్నట్టే లెక్క.

“అయితే ఈ రోజుల్లో మీకు పని ఏముంటుంది చాచా?” అని అడిగాను.

“ఈగలు చేసుకుంటాం బేటా” అన్నారాయన.

కిటికీ పక్కన చిన్న బల్ల. బల్ల అంచుకు ఒక చిన్న వైసు. దాని నోట గోరంత గాలం. పక్కన కోడిపుంజు మెడ ఈకలు, కుందేలు బొచ్చు, పట్టుదారం. డెబ్బై దాటిన ఆ వేళ్లు గాలానికి దారం చుట్టి, బొచ్చు అద్ది, ఈకను మెలితిప్పి, ఐదారు నిమిషాల్లో ఒక పురుగును నిలబెట్టాయి. దూరం నుంచి చూస్తే ఎగిరిపోతుందేమో అనిపించింది. ఈ వేటలో ఎరగా వానపాము ఉండదు, పిండి ముద్ద ఉండదు. ఈకలతో, బొచ్చుతో చేసిన ఈ ఈగే ఎర.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. మాసిడోనియా ప్రాంతపు ఒక నదిలో జనులు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టి, మచ్చలున్న చేపలను పట్టేవారని ఏలియన్ అనే రోమన్ రచయిత సుమారు 1800 ఏళ్ల క్రితమే రాసి ఉంచాడు. కాశ్మీరుకు మాత్రం ట్రౌట్ చేపే కొత్త. అది ఆ నీళ్లలో పుట్టినది కాదు. 1899లో బ్రిటన్ నుంచి ఓడలో తెచ్చిన మొదటి విడత గుడ్లు పాడైపోయాయి. మరుసటి ఏడాది తెచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల కర్మాగారం నడిపే మిచెల్ అనే స్కాట్లాండు జాతీయుడు వాటి పెంపకాన్ని తలకెత్తుకున్నాడు. శ్రీనగర్ సమీపాన హర్వన్‌లో పెరిగిన ఆ పిల్లల సంతతే క్రమంగా లోయలోని నదులకు పాకింది.

మరునాడు మధ్యాహ్నం చాచా నన్ను ఇంటి వెనుక మంచు కప్పిన తోటలోకి తీసుకువెళ్లి కర్ర చేతికిచ్చారు. దారం చివర గాలం లేదు, ఎర్రని ఉన్ని ముక్క ఒకటి కట్టి ఉంది. మన చెరువుల్లో గాలం వేసేవారికి ఎర బరువే దారాన్ని దూరం లాక్కుపోతుంది. ఇక్కడ ఈగకు బరువు ఉండదు. లావుపాటి దారానికే బరువు ఉంటుంది, అదే ఈగను మోసుకుపోతుంది. కర్రను వెనక్కి ఎత్తాలి. దారం వీపు వెనుక గాలిలో పూర్తిగా చాచుకునే దాకా ఆగాలి. ఆ తరువాతే ముందుకు విసరాలి. నేను ఆగలేకపోయాను. ప్రతిసారీ దారం నా టోపీ మీదనే కుప్పగా పడింది. ఇంటి పిల్లలు పగలబడి నవ్వారు.

“చేతిలో బలం చాలా ఉంది మౌలానా, ఆగడమే రాలేదు” అన్నారు చాచా.

ఆ సాయంత్రమే ఒక జీపు వచ్చి వాకిట్లో ఆగింది. దూరపు నగరం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి దిగాడు. మూడు రోజులు మాత్రమే ఉంటాడట. వేసవిలో తీరిక దొరకదట. ఎవరూ లేని చోట రెండు గంటలు కర్ర వేయిస్తే చాలునన్నాడు. అతడు చెప్పిన మొత్తం వింటే నాకే ఆశ్చర్యం కలిగింది. ఆ ఇంటి పైకప్పు ఒక మూల మంచు బరువుకు కుంగి ఉందని, బాగు చేయించడానికి వసంతం దాకా ఆగుతున్నారని నాకు తెలుసు. సహపాఠి తండ్రి ముఖం వైపు చూశారు. చాచా అతిథికి చాయ్ పోయించి, రొట్టె పెట్టించి, “ఏప్రిల్‌లో రండి, ఇన్షా అల్లాహ్, డబ్బు తీసుకోకుండానే చూపిస్తాను” అన్నారు. అతడు మాటకు మాట పెంచాడు. నదిలో చేపలే కనిపించడం లేదు కదా, నాలుగు అడుగులు వేస్తే ఏం పోతుందన్నాడు. చాచా జవాబు చెప్పలేదు. జీపు వెళ్లిపోయింది.

ఆ జవాబును తెల్లవారి నాకు చెప్పారు. ఫజ్ర్ తరువాత నది వంతెన మీద నిలబడి, లోతు తక్కువగా ఉన్న ఒక చోటు చూపించారు. చుట్టూ ఉన్న రాళ్లు పాచి పట్టి నల్లగా ఉన్నాయి. అక్కడ మాత్రం చాపంత మేర గులకరాళ్లు కడిగినట్టు తేటగా, కొద్దిగా గుట్టగా ఉన్నాయి.

“అది ఇల్లు బేటా. లోపల పిల్లలున్నాయి.”

బ్రౌన్ ట్రౌట్ జాతి చలికాలం తొలి దినాల్లో గుడ్లు పెడుతుంది. ఆడచేప పక్కకు వాలి, తోకతో కొట్టి, గులకరాళ్లలో గుంత తవ్వుతుంది. గుడ్లు పెట్టాక పైనుంచి మళ్లీ గులకరాళ్లు కప్పుతుంది. కిలో బరువున్న చేప సుమారు 1500 నుంచి 2000 గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లో నుంచి పారే చల్లని నీరు వాటికి ఊపిరి అందిస్తుంది. నీరు ఎంత చల్లగా ఉంటే పొదగడం అంత ఆలస్యం. 10 డిగ్రీల నీటిలో 40 రోజుల్లో పొదిగే గుడ్లకు 5 డిగ్రీల నీటిలో 80 రోజులు పడుతుంది. పిల్లలు బయటపడ్డాక కూడా, పొట్టకు అంటుకుని ఉన్న సొన సంచి కరిగే దాకా వారాల తరబడి రాళ్ల కిందనే దాగి ఉంటాయి. కనుక చలికాలం చివర ఖాళీగా కనిపించే నది అసలు ఖాళీ కాదు. పైన ఏమీ కనిపించని ఆ రోజుల్లోనే దాని అడుగు ప్రాణంతో నిండి ఉంటుంది. ఇక రెయిన్‌బో ట్రౌట్ జాతి గుడ్లు పెట్టడానికి సిద్ధమయ్యేది చలి వెనుకబట్టే ఈ కాలంలోనే.

నీటిలో దిగిన మనిషి బూటు కింద ఆ పిల్లలు ఏమవుతాయో అమెరికాలోని మొంటానా పరిశోధకులు పరీక్షించి 1992లో ప్రచురించారు. గుడ్లు ఎదిగే కాలమంతా రోజుకు రెండుసార్లు తొక్కిన చోట 96 శాతం దాకా నశించాయి. పొదగడానికి కాస్త ముందు ఒక్కసారి తొక్కినా 43 శాతం దాకా పోయాయి. ఆ దేశంలో చలికాలంలోనూ వేటకు తెరిచి ఉంచే నదులున్నాయి. అక్కడి వేటగాళ్లు ఈ కాలంలో బియ్యపు గింజకన్నా చిన్న ఈగలు కడతారు. చలికి చేప ఒంట్లో చురుకుదనం తగ్గి, లోతైన నెమ్మది నీటిలో కదలకుండా ఉంటుంది. ఎండ కాసే నడిమధ్యాహ్నం కాసేపు దోమలవంటి పురుగులు లేచినప్పుడే నోరు తెరుస్తుంది. కర్ర కడియాల్లో గడ్డకట్టిన మంచును వేళ్లతో తీసుకుంటూ వారు వేచి ఉంటారు. వారిలో తెలిసినవారు తేట గులకరాళ్ల చోటు కనిపిస్తే చుట్టూ తిరిగి పోతారేగాని కాలు మోపరు.

వంతెన మీద నిలబడి వింటూ ఉంటే నాకు దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా గుర్తుకు వచ్చింది. సముద్రపు ఒడ్డున నివసించిన ఒక జనపదానికి శనివారం నాడు వేట నిషేధింపబడింది. ఆ రోజునే చేపలు నీటిపైకి బాహాటంగా వచ్చేవి, మిగతా రోజుల్లో వచ్చేవి కావు. వారు నేరుగా వేటాడకుండా ఒక ఉపాయం పన్నారని వ్యాఖ్యాతలు తెలిపారు. ముందురోజే వలలు, గుంతలు సిద్ధం చేసి, మరునాడు తీసుకునేవారు. చేప హలాల్ కాకపోవడం వారి సమస్య కాదు. ఆగమన్నప్పుడు ఆగలేకపోవడమే వారి సమస్య.

ఈ వృత్తాంతాన్ని పాతికేళ్లుగా పిల్లలకు బోధిస్తున్నాను. పరీక్ష ఎందుకు ఆ రూపంలో వచ్చిందో ఆ ఉదయం దాకా నాకు కళ్లకు కట్టలేదు. గుడ్లు పెట్టే కాలంలో చేప లోతు విడిచి, అడుగు లోతు నీటిలోకి, అందరి కళ్ల ఎదుటికి వస్తుంది. భయం మరచిపోతుంది. చేతితో పట్టుకోవచ్చు. ఎప్పుడు పట్టకూడదో అప్పుడే అన్నిటికన్నా సులువుగా దొరుకుతుంది. హరామ్ సొమ్మైనా అంతే, ఎవరూ చూడని చోట అతి సులువుగా చేతికి అందుతుంది.

ఇంకొక సందేహం నా మనసులో మిగిలి ఉంది. చేపను పట్టి, ఫొటో తీసి, తిరిగి వదిలివేసే పద్ధతి ఇప్పుడు ఎక్కువగా ఉంది కదా, అది సబబేనా? ప్రాణమున్న దాన్ని గురిపెట్టి ఆడుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారని మనకు తెలుసు. చాచాను అడిగితే ఆయన ఫిఖహ్ చర్చ చేయలేదు. “తినడానికి పడతాం. మరీ చిన్నది వస్తే వదులుతాం. వదిలేదాన్ని పొడి చేత్తో ముట్టుకోం. చేప ఒంటి జిగురు ఊడితే దానికి జబ్బు పట్టుకుంటుంది. చేయి తడుపుకుని, నీటిలోనే గాలం తీస్తాం. చాలినన్ని దొరికాక కర్ర మడిచేస్తాం” అన్నారు. ఆటకూ అవసరానికీ మధ్య గీత ఎక్కడుందో ఆయన చేతులకు తెలుసు.

ఈ సంగతి కాశ్మీరుకే పరిమితం అనుకోకూడదు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట ఆపివేస్తారు. కారణం ఇదే, చేప సంతతి నిలవాలి. అయితే తొలకరికి చెరువు అలుగు పారగానే, గుడ్లతో ఎదురెక్కి వచ్చే చేపలను బుట్టలతో, చీరలతో పట్టుకునే సంబరం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నా బాల్యంలో నేనూ ఆ గుంపులో పరుగెత్తినవాణ్ణే. కడుపు నిండా గుడ్లున్న చేప దొరికితే అదృష్టమని అనుకునేవాళ్లం. దానితోపాటు వచ్చే ఏటి చేపలనూ ఆ పూటే వండుకుంటున్నామని మాకు చెప్పినవారు లేరు. మన పిల్లలకు మనమైనా చెప్పాలి. సృష్టిపై అల్లాహ్ మనకు ఇచ్చినది అధికారం మాత్రమే కాదు, అది అమానత్ కూడా.

ఇంటికి తిరిగివచ్చాక పైకప్పు సంగతి మనసులో మెదులుతూనే ఉండేది. ఏప్రిల్ మొదటి వారంలో సహపాఠి ఫోన్ చేశారు. నది తెరిచారట. చాచా ఆ చలికాలంలో నా ఎదుట చేసిన ఈగనే కట్టి తొలి చేపను పట్టారట. దాన్ని ఇంట్లో వండలేదు, పొరుగున ఉన్న ఒక వితంతువు ఇంటికి పంపారట.

“మరి పైకప్పు?” అని అడిగాను.

“తడక అడ్డం పెట్టాం. ఈ వేసవికి వేటగాళ్లు వస్తే బాగు చేయిస్తాం. అబ్బాజాన్ మిమ్మల్ని ఒక మాట అడగమన్నారు. దారం వెనక్కి వెళ్లినప్పుడు ఆగడం వచ్చిందా?”

ఇంకా నేర్చుకుంటున్నానని చెప్పమన్నాను.