అరవై మందికి ఒకే శ్రుతి

అమెరికాలోనూ, యూరప్‌లోనూ చాలా చిన్న పట్టణాలకు కూడా సొంత సింఫనీ ఆర్కెస్ట్రాలు ఉంటాయి. వీటిలో వాయించేవాళ్ళలో ఎక్కువ మందికి సంగీతం జీవనాధారం కాదు. ఒకాయన బడిపంతులు, ఒకామె దంతవైద్యురాలు, ఇంకొకాయన బ్యాంకు గుమాస్తా, ఆయన పక్కన కూర్చున్న కుర్రవాడు కాలేజీ విద్యార్థి. ఇలాంటివాళ్ళు యాభై అరవై మంది వారానికి ఒక సాయంత్రం ఏ బడి హాల్లోనో, చర్చిలోనో చేరి సాధన చేస్తారు. వేసవి సెలవులు అయిపోయాక, సెప్టెంబరులోనో అక్టోబరులోనో వీళ్ళ ‘సీజను’ మొదలవుతుంది. మే, జూన్ నెలల్లో ముగుస్తుంది. ఈలోపున నాలుగైదు కచేరీలు. ఏ కచేరీలో ఎవరి రచన వాయించబోతున్నారో ముందుగానే కాగితాలు అచ్చువేసి ఊళ్ళో పంచుతారు.

ఆ కాగితం మీద బీథోవెన్ పేరు ఉంటుంది, మొజార్ట్ పేరు ఉంటుంది. కాని ప్రతి కచేరీలోనూ అన్నిటికంటే ముందు వినబడే స్వరం మాత్రం దానిలో ఉండదు. హాల్లో దీపాలు తగ్గుతాయి. మొదటి వయొలిన్ కళాకారుడు లేచి నిలబడతాడు. ఆర్కెస్ట్రా మధ్య నుంచి ఓబో అనే వాద్యం ఒకే ఒక్క స్వరాన్ని, ఏమాత్రం చలించకుండా, సాగదీసి పలుకుతుంది. దాన్ని విని ముందు ఊదే వాద్యాలవాళ్ళు, తరవాత తీగవాద్యాలవాళ్ళు తమ శ్రుతి సరిచూసుకుంటారు. కాసేపు గందరగోళంగా ఒక రొద. క్రమంగా ఆ రొద ఒక్క స్వరంగా అతుక్కుని ఆగిపోతుంది. ఈ కాస్త పని సరిగా జరగకపోతే రెండు నెలల రిహార్సళ్ళూ గంగలో కలిసినట్టే. ఎంత గొప్ప రచనైనా శ్రుతి కలవని అరవై వాద్యాల మీద వింటే చెవులు మూసుకోవలసిందే.

ఆ స్వరాన్ని పాశ్చాత్యులు ‘ఎ’ అంటారు. దాని పౌనఃపున్యం సెకనుకు 440 కంపనాలు.

ఈ పని ఓబోకే ఎందుకు అప్పగించారు? ఓబో మన సన్నాయికి దూరపు చుట్టం. రెండింటికీ ఊదే చోట రెండు పలచని రెల్లు బద్దలు జంటగా ఉంటాయి. రెండింటి గొట్టమూ కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పెళ్ళిపందిట్లో ఎంత సందడి ఉన్నా సన్నాయి వినబడుతుంది గదా! అలాగే ఓబో స్వరం కూడా అరవై వాద్యాల రొదలో మునిగిపోదు. పైగా ఓబో శ్రుతిని అప్పటికప్పుడు మార్చడం కష్టం. కదలనివాణ్ణి చూసి మిగతావాళ్ళు సర్దుకోవడమే సుఖం. వేదిక మీద పియానో ఉన్న రోజున అధికారం పియానోది, ఎందుకంటే అది ఓబో కంటే మొండిది!

మన కచేరీల్లో ఈ బాధ లేదు. గాయకుడు తన గొంతుకు సరిపోయే శ్రుతి పెట్టుకుంటాడు. తంబురా, వయొలిన్, మృదంగం దాన్ని అనుసరిస్తాయి. రేపు మరొకరు పాడితే శ్రుతి మారుతుంది. కాని ట్రంపెట్, క్లారినెట్ వంటి వాద్యాల గొట్టం పొడవు వాటిని తయారుచేసిన కర్మాగారంలోనే నిర్ణయమైపోతుంది. ఆ తరవాత సవరించుకునే వీలు బహు స్వల్పం. అందుకని ఏ ఊళ్ళో చేసిన వాద్యమైనా ఏ ఊరి ఆర్కెస్ట్రాలోనైనా ఇమడాలంటే లోకమంతా ముందుగానే ఒక అంకె మీద రాజీపడి ఉండాలి.

ఆ అంకె కథకు వచ్చేముందు, శ్రుతి కలిసిందో లేదో చెవి ఎలా కనిపెడుతుందో చూద్దాం. ఓబో 440 పలుకుతున్నది. ఒక వయొలిన్ తీగ 443 పలుకుతున్నది. ఒక క్షణంలో రెండు తరంగాలూ కలిసి నడుస్తాయి, ధ్వని పెరుగుతుంది. మరుక్షణంలో ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు అవుతాయి, ధ్వని తగ్గుతుంది. సెకనుకు సరిగ్గా మూడుసార్లు ఈ హెచ్చుతగ్గులు ‘వా... వా... వా...’ అని వినిపిస్తాయి. వీటినే విస్పందనాలు అంటారు. రెండు పౌనఃపున్యాల భేదమే విస్పందనాల సంఖ్య. వయొలిన్ వాయించే ఆమె బిరడను మెల్లగా తిప్పుతుంటే విస్పందనాలు మూడు, రెండు, ఒకటిగా మందగించి చివరికి పూర్తిగా ఆగిపోతాయి. అక్కడికి ఒక తీగ కుదిరింది. మిగిలిన మూడూ దీని నుంచే వస్తాయి. పక్కపక్క తీగలు రెండింటికీ ఉన్న సంబంధం మన సా-పా సంబంధం, అంటే 2:3 నిష్పత్తి. 440కి పై తీగ 660 అన్నమాట.

ఈ విస్పందనాలతోనే ఒకాయన మహా చమత్కారమైన పని చేశాడు. ఆయన పేరు యోహాన్ షైబ్లర్. జర్మనీలోని క్రెఫెల్డ్‌లో పట్టుబట్టల తయారీ ఆయన వృత్తి. శబ్దశాస్త్రం ఆయనకు సరదా మాత్రమే. మన బడిపంతులూ, దంతవైద్యురాలూ ఎలాంటివాళ్ళో ఈయనా అలాంటివాడే. ఒక స్వరంలో సెకనుకు ఎన్ని కంపనాలున్నాయో కచ్చితంగా తేల్చడం ఆ రోజుల్లో మాటలు కాదు. వందల కంపనాలను ఎవరు లెక్కపెడతారు?

షైబ్లర్ 56 శ్రుతిదండాలు చేయించాడు. మొదటిదాని కంటే రెండోది కాస్త హెచ్చు, రెండోదాని కంటే మూడోది కాస్త హెచ్చు. పక్కపక్క దండాలు ఏ రెండింటిని మోగించినా సెకనుకు 4 విస్పందనాలు వచ్చేటట్టు సరిచేశాడు. చిట్టచివరిది మొదటిదానికి సరిగ్గా పై స్థాయి స్వరం. అంటే మనవాళ్ళు సా అనీ పై సా అనీ అనేదే. పై స్థాయి అంటే పౌనఃపున్యం రెట్టింపు. ఇప్పుడు మీరే లెక్కవేయండి. 56 దండాల మధ్య సందులు 55. ఒక్కొక్క సందుకు 4 చొప్పున మొత్తం 220. మొదటిదానికీ చివరిదానికీ ఉన్న తేడా 220 అన్నమాట. చివరిది మొదటిదానికి రెట్టింపు గనక, ఆ తేడాయే మొదటిదాని పౌనఃపున్యం! మొదటిది 220, చివరిది 440. నాలుగుకు మించిన అంకెను చెవితో లెక్కపెట్టకుండానే నాలుగువందల నలభై కంపనాలను కొలిచేశాడు. ఇంతకంటే చవకగా, ఇంతకంటే తెలివిగా చేసిన కొలత శబ్దశాస్త్రంలో మరొకటి ఉందని నేననుకోను.

1834లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుల సభలో, అందరూ 440ని ప్రమాణంగా పెట్టుకోవాలని షైబ్లర్ ప్రతిపాదించాడు. సభ ఒప్పుకుంది గాని ఊళ్ళు ఒప్పుకోలేదు. శ్రుతి హెచ్చితే తీగల నాదం మెరుపెక్కుతుంది. ఆ మెరుపు కోసం ఒక్కో నగరం ఒక్కో రకంగా శ్రుతి పెంచుకుంటూ పోయింది. ప్రాణం మీదికి వచ్చింది గాయకులకు. తీగ బిగించినట్టు గొంతును బిగించలేరు గదా! చివరికి ఫ్రాన్స్ ప్రభుత్వమే కలగజేసుకుని ఒక సంఘాన్ని నియమించింది. అందులో రోసినీ, బెర్లియోజ్ వంటి స్వరకర్తలతో పాటు లిస్సాజూ అనే భౌతికశాస్త్రజ్ఞుడూ ఉన్నాడు. 1859లో ఫ్రాన్సులో శ్రుతి 435 అని నిర్ణయించారు. అదీ 15 సెంటిగ్రేడ్ డిగ్రీల దగ్గర.

శ్రుతికి ఉష్ణోగ్రతతో పనేమిటని మీకు సందేహం రావచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఊదే వాద్యంలో కంపించేది గొట్టం కాదు, గొట్టంలోని గాలి. గాలిలో ధ్వని ఎంత వేగంగా పోతే శ్రుతి అంత హెచ్చుతుంది. గాలిలో ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు. ఆపైన ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. కనుక 15 డిగ్రీల దగ్గర 340, 20 డిగ్రీల దగ్గర 343. మరి 15 డిగ్రీల దగ్గర 435 పలికిన వాద్యం 20 డిగ్రీల హాల్లో ఎంత పలుకుతుంది? 435ని 343తో హెచ్చించి 340తో భాగించండి. దాదాపు 439 వస్తుంది. 19వ శతాబ్దం చివర లండన్‌లోని ఫిల్హార్మోనిక్ సొసైటీ సరిగ్గా ఈ 439నే తీసుకుంది.

తరవాత 1939లో లండన్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగి 440 స్థిరపడింది. ఆ ఒక్క కంపనం ఎందుకు పెంచారు? బి.బి.సి. రేడియో వాళ్ళు శ్రుతి స్వరాన్ని స్ఫటికంతో పుట్టించేవారు. ఆ స్ఫటికం సెకనుకు పది లక్షలసార్లు కంపిస్తుంది. దాన్ని విద్యుత్ వలయాలతో 1000తో భాగించి, 11తో హెచ్చించి, 25తో భాగిస్తే 440 వస్తుంది. అదే 439 కావాలంటే? అది ప్రధాన సంఖ్య. చిన్న చిన్న అంకెలతో ఎంత హెచ్చించినా, ఎంత భాగించినా చిక్కదు. 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా 440నే సిఫార్సు చేసింది. యూరప్‌లో ఇప్పటికీ కొన్ని ఆర్కెస్ట్రాలు 442, 443 పెట్టుకుంటాయి. మెరుపు మీద మోజు అంత త్వరగా పోదు.

ఇక కచేరీ రోజుకు వద్దాం. హాలు 20 డిగ్రీల దగ్గర ఉంది, శ్రుతి కలిసింది, వాయించడం మొదలైంది. కూర్చున్న మనిషి ఒంట్లో నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతూ ఉంటుంది. అయిదువందల మంది శ్రోతలంటే 50 కిలోవాట్లు, అంటే రెండేసి కిలోవాట్ల కరెంటు హీటర్లు పాతిక వెలిగించినట్టు! హాలు 25 డిగ్రీలకు చేరిందనుకోండి. ధ్వని వేగం 346 అవుతుంది. 440 పలికిన క్లారినెట్ దాదాపు 444కు ఎగబాకుతుంది. (ఊదేవారి ఊపిరి గొట్టాన్ని ముందే వెచ్చబరుస్తుంది గనక నిజానికి మార్పు ఇంతకంటే కొంత తక్కువ.) వేడికి గొట్టం కూడా సాగుతుంది గదా, శ్రుతి తగ్గాలి గదా అంటారేమో. మీటరు పొడవున్న ఇత్తడి గొట్టం అయిదు డిగ్రీలకు సాగేది మిల్లీమీటరులో పదోవంతు. అది లెక్కలోకి రాదు.

వయొలిన్ల సంగతి దీనికి తలకిందులు. వేడికి ఉక్కు తీగ వ్యాకోచిస్తుంది, బిగువు సడలుతుంది, శ్రుతి దిగుతుంది. ఊదే వాద్యాలు పైకీ, తీగవాద్యాలు కిందికీ! ఒకే ఆర్కెస్ట్రా రెండు దిక్కులకు లాగుతుంది. అందుకే విరామం అయ్యాక ఓబో మళ్ళీ స్వరం ఇస్తుంది. క్లారినెట్ వాయించేవాళ్ళు గొట్టం అతుకును కాస్త బయటికి లాగి పొడవు పెంచుకుంటారు. వయొలిన్లవాళ్ళు బిరడలు బిగిస్తారు.

సీజను పొడుగునా మరొక శత్రువు ఉంది. చలిదేశాల్లో శీతాకాలపు గాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ. ఆ గాలిని హాల్లో వెచ్చబెడితే ఆవిరి పెరగదు గాని దాహం పెరుగుతుంది. చెక్కలో ఉన్న తేమను పీల్చేస్తుంది. చెక్క కుంచించుకుపోతే బిరడలు పట్టు తప్పి గిర్రున తిరిగిపోతాయి. ఒక్కోసారి వాద్యం పగుళ్ళిస్తుంది. చెల్లో పెట్టెలో తేమనిచ్చే చిన్న గొట్టమో, స్పాంజి ముక్కో పెట్టి దాచుకుంటారు, పసిపిల్లను దాచుకున్నట్టు.

చలికాలమే లేని చోట? ఆఫ్రికాలో కాంగో ప్రజాస్వామ్య గణతంత్ర రాజధాని కిన్షాసా భూమధ్యరేఖకు దగ్గరలో ఉంది. అక్కడ ఉద్యోగం పోయిన ఒక విమాన చోదకుడు, అర్మాండ్ డియాంగియెండా అనే ఆయన, 1994లో ఒక సింఫనీ ఆర్కెస్ట్రా ప్రారంభించాడు. మొదట చేరినవాళ్ళు పన్నెండు మంది, ఉన్న వయొలిన్లు అయిదు. ఒకరి తరవాత ఒకరు వంతులవారీగా నేర్చుకున్నారు. తీగ తెగితే కొత్తది కొనడానికి దొరకదు. సైకిలు బ్రేకు తీగను విడదీసి బిగించారు! ఇది వింతగా తోచినా శాస్త్రవిరుద్ధం కాదు. తీగ శ్రుతి దాని పొడవు మీద, బిగువు మీద, మీటరుకు ఎంత బరువు ఉన్నదనే దాని మీద ఆధారపడుతుంది. ఆ తీగ దేనికోసం తయారైందని శ్రుతి అడగదు. నాదం మాత్రం అసలు తీగ అంత తియ్యగా ఉండదు, అది వేరే సంగతి. అటువంటి వాద్యాలతో మొదలైనవాళ్ళు, కరెంటు పోతూ వస్తూ ఉండే నగరంలో సాధన చేసి, బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించారు. 2010లో వాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది.

విస్పందనాల గురించి ఇందాక చెప్పకుండా వదిలిన సంగతి ఒకటుంది. సెకనుకు మూడు విస్పందనాలు వినబడితే శ్రుతి మూడు కంపనాలు తప్పిందని తెలుస్తుంది. కాని ఎటు తప్పింది? తీగ 443 దగ్గర ఉన్నా మూడే, 437 దగ్గర ఉన్నా మూడే! ఏ దిక్కుకు బిరడ తిప్పాలో విస్పందనాలు చెప్పవు. వయొలిన్ వాయించే ఆమె ఏం చేస్తుంది?

జవాబు మీ బడి ప్రయోగశాలలోనే ఉంది. ఒకే పౌనఃపున్యం గల రెండు శ్రుతిదండాలు అడిగి తీసుకోండి. ఒకదాని భుజానికి చిన్న మైనం ముద్ద అంటించండి. బరువు పెరిగింది గనక దాని కంపనాలు కొంచెం తగ్గుతాయి. రెండింటినీ రబ్బరు దిమ్మ మీద కొట్టి, కాడలను బల్లకు ఆనించి వినండి. విస్పందనాలు వినిపిస్తాయి. పది సెకన్లలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి పదితో భాగించండి. ఇప్పుడు మైనం లేని దండాన్ని మీ స్నేహితుడి చేతికిచ్చి, దానికీ మీకు తెలియకుండా ఎక్కువో తక్కువో మైనం అంటించమనండి. రెండింటిలో ఏది హెచ్చు శ్రుతిలో ఉందో, మీ దండానికి మరికాస్త మైనం చేర్చి, విస్పందనాలు పెరిగాయో తగ్గాయో విని చెప్పగలరేమో చూడండి.